షార్ట్ ఫిల్మ్ ప్రశ్నోత్తరాలు: వెలుతురు, కెమెరా నిలకడ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు ఇబ్బందుల గురించే ఉన్నాయి. బొమ్మ చీకటిగానో మరకలు మరకలుగానో రావడం ఒకటి, కెమెరా వణకడం రెండోది. చాలామంది వీటిని వేర్వేరు సమస్యలుగా రాశారు గానీ, ఇవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచేవి. వెలుతురు చాలని చోట కెమెరా ప్రతి ఫ్రేమ్‌కూ ఎక్కువసేపు షటర్ తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సమయంలో చెయ్యి ఏమాత్రం కదిలినా ఆ కదలిక బొమ్మ మీద చారలా మిగిలిపోతుంది. అందుకే రెండు రకాల ప్రశ్నలనూ ఒకేచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రాత్రిపూట గదిలో తల్లీకొడుకులు మాట్లాడుకునే సన్నివేశాన్ని ఫోన్‌తో తీశాం. వెలుతురు చాలదేమోనని గదిలో ఉన్న ట్యూబ్‌లైటు, బల్బులు అన్నీ వేశాం. అయినా ముఖాలు ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా వచ్చాయి. చీకటి భాగాలైతే ఇసుక చల్లినట్టున్నాయి. పెద్ద లైట్లు అద్దెకు తెచ్చుకోవడం తప్ప వేరే మార్గం లేదా అండీ?

జవాబు: అద్దెకు తెచ్చుకునే ముందు గదిలోని లైట్లన్నీ ఒకసారి ఆర్పేయండి. ఆ తర్వాత ఒక్క దీపాన్ని మాత్రం వెలిగించి, అది ఆ తల్లి ముఖం మీద ఎటునుంచి పడితే బాగుంటుందో చూడండి. మీ సన్నివేశంలో దీపాల సంఖ్యకు లోటు లేదు. ఉన్నవాటిలో ఏది ఎక్కడ ఉండాలన్న నిర్ణయం జరగలేదు, అంతే.

ముందు రంగు సంగతి చెబుతాను. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పసుపుపచ్చగా వెలిగే ఇంటి బల్బు సుమారు 2700 నుంచి 3200 కెల్విన్ల మధ్య ఉంటుంది. తెల్లని ట్యూబ్‌లైటు 6500 దాకా పోతుంది. పగటి ఎండను 5600గా లెక్కిస్తారు. మన కన్ను ఈ తేడాలను తనంతట తాను సర్దుకుంటుంది కాబట్టి గదిలో నిలబడినప్పుడు మీకు తేడా తెలియలేదు. కెమెరాకు ఒకసారి ఒక్క రంగునే తెలుపుగా చూపించగలం. బల్బును తెలుపనుకుంటే ట్యూబ్‌లైటు నీలంగా కనిపిస్తుంది, ట్యూబ్‌లైటును తెలుపనుకుంటే బల్బు పసుపు తేలుతుంది. రెండూ కలిసి ముఖం మీద పడితే ఎడిటింగ్‌లో ఒక చెంపను సరిచేసేసరికి రెండో చెంప చెడుతుంది. కథ రాత్రిది కాబట్టి ట్యూబ్‌లైటు ఆర్పేసి పసుపు దీపాన్నే ఉంచుకోవడం మీకు నప్పుతుంది. ఏ రంగును తెలుపుగా చూపాలో కెమెరాకు చెప్పే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకుండా 3200 దగ్గర స్థిరంగా పెట్టి, పసుపు ఇంకా కొంచెం కావాలనిపిస్తే 4000 వైపు జరపండి.

ఇక ఆ ఇసుక సంగతి. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఐఎస్‌ఓ అనే సెట్టింగును పెంచి, అందిన కొద్దిపాటి సంకేతాన్నే పెద్దది చేసి చూపిస్తుంది. దాంతో బొమ్మతో పాటు, ఇసుకలా కనిపించే రొద (నాయిస్) కూడా పెద్దదవుతుంది. దీనికి మందు దీపాన్ని దగ్గరకు జరపడం. చిన్న దీపం వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని బడిలో చదువుకున్నాం. 2 మీటర్ల దూరంలో ఉన్న టేబుల్ ల్యాంపును 1 మీటరుకు తెస్తే ముఖం మీద వెలుతురు నాలుగు రెట్లవుతుంది, అర మీటరుకు తెస్తే పదహారు రెట్లవుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. దీపం ముఖానికి అర మీటరు దూరంలోనూ, వెనక గోడకు 2 మీటర్ల దూరంలోనూ ఉంటే గోడ మీద పడేది ముఖం మీద పడేదాంట్లో పదహారో వంతే. గోడ దానంతట అదే చీకట్లోకి వెళ్లిపోయి ముఖం మాత్రం వెలుగులో నిలుస్తుంది. రాత్రి అనిపించేది ఈ తేడా వల్లనే గానీ ఫ్రేమ్ మొత్తం చీకటిగా ఉండటం వల్ల కాదు.

దీపం ఎటు పెట్టాలో తేల్చుకోవడానికి నేను ఇప్పటికీ చేసే పని ఒకటి చెబుతాను. నటులు వచ్చేముందే, వాళ్లు కూర్చోబోయే చోట నిలబడి, పిడికిలి బిగించి ముఖం ఎత్తులో చాచి పట్టుకుంటాను. దాన్ని చూస్తూ నెమ్మదిగా చుట్టూ తిరుగుతాను. వెలుతురు తలమీది నుంచి పడుతుంటే వేళ్ల కణుపుల కింద నల్లని గుంటలు కనిపిస్తాయి. ముఖం మీద కళ్ల గుంటలు కూడా అలాగే నల్లబడతాయి, కప్పు దీపం కింద తీసిన షాట్లలో మనిషి అలసిపోయినట్టు కనిపించేది అందుకే. వెలుతురు పక్కనుంచి, కంటికన్నా కొంచెం ఎత్తునుంచి వచ్చే దిక్కుకు తిరిగేసరికి పిడికిలి గుండ్రంగా, ఒక వైపు నుంచి రెండో వైపుకు మెల్లగా నీడలోకి జారుతూ కనిపిస్తుంది. ఆ దిక్కు దొరికాక నటులను అటు తిప్పి కూర్చోబెట్టడం గానీ, దీపాన్ని ఆ దిక్కుకు మార్చడం గానీ చేయండి.

దీపపు వెలుగు కటువుగా ఉందనిపిస్తే దాని ముందు కాస్త ఎడంగా బటర్ పేపరో పలుచని తెల్లగుడ్డో కట్టండి. బల్బు వేడెక్కేదైతే కాగితాన్ని అంటించవద్దు, దగ్గరగా కూడా ఉంచవద్దు. నీడవైపు చెంప మరీ నల్లబడితే ఫ్రేమ్‌కు ఆనుకొని బయట ఒక థర్మకోల్ షీటు నిలబెట్టండి. దాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుతూ పోతే నీడ ఎంత ఉండాలో మీ చేతుల్లోనే ఉంటుంది. కంటిపాపలో దీపం ప్రతిబింబం చుక్కలా మెరుస్తోందో లేదో కూడా చూడండి. ఆ చుక్క లేని కళ్లు దగ్గరి షాట్‌లో నిర్జీవంగా ఉంటాయి, ఎంత మంచి నటి ఉన్నా ఆ లోటు పూడదు.

ప్రశ్న: ఒకే షాట్‌లో వెలుతురు దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంది. కొన్ని షాట్లలో నల్లని పట్టీలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. కెమెరా పాడైపోయిందా?

జవాబు: కెమెరా బాగానే ఉంది. ఇవి రెండు వేర్వేరు తప్పులు.

వెలుతురు పెరగడం, తగ్గడం ఆటో ఎక్స్‌పోజర్ పని, అంటే వెలుతురు మోతాదును కెమెరాయే సర్దుకోవడం. తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఫ్రేమ్‌లోకి రాగానే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, ఆయన వెళ్లిపోగానే పెంచుతుంది. ఫోన్‌లోనైతే ముఖం మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ అవుతాయి. మాన్యువల్ కంట్రోల్ ఇచ్చే యాప్ ఉంటే ఇంకా మంచిది. ప్రతి షాట్‌కు ముందు లాక్ చేశారో లేదో అడిగే బాధ్యతను బృందంలో ఒకరికి అప్పగించండి. తీసేవాళ్లు నటనలో మునిగిపోయి ఇది మరిచిపోతారు.

పాకే పట్టీలు కరెంటు వల్ల వస్తాయి. సెకనుకు 50 ఆవృత్తుల కరెంటు ఉన్న చోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగుతూ మందగిస్తూ ఉంటాయి. షటర్ ఆ లయకు కలవకపోతే ఫ్రేమ్‌లో కొంత భాగం వెలుగు దశలోనూ, కొంత భాగం మందగించిన దశలోనూ నమోదవుతుంది. షటర్ స్పీడును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెట్టండి, పట్టీలు పోతాయి. 60 ఆవృత్తుల కరెంటున్న దేశాల్లో 60వ వంతుకో 120వ వంతుకో పెట్టాలి. సెకనుకు 24 లేదా 25 ఫ్రేములు తీసేవారికి 50వ వంతు ఇంకో విధంగానూ మంచిది. ఫ్రేము నిడివిలో సుమారు సగంసేపు షటర్ తెరిచి ఉంటే కదలికలు కంటికి సహజంగా కనిపిస్తాయి. చవకరకం ఎల్ఈడీలను డిమ్మర్‌తో తగ్గించినప్పుడు అవి తమదైన వేరే లయలో మినుకుతాయి. అప్పుడు డిమ్మర్‌ను పూర్తిగా పెంచి దీపాన్నే దూరం జరపండి.

ప్రశ్న: మా కథంతా ఆరుబయటే. మధ్యాహ్నపు ఎండలో తీస్తే కళ్ల కింద, ముక్కు కింద నల్లని నీడలు పడుతున్నాయి. నటులు కళ్లు చిట్లిస్తున్నారు. ఎండలో లైట్లు పెట్టే స్తోమత మాకు లేదు.

జవాబు: ఎండ ఉండగా లైట్లతో పనేముంది, ఎండనే వాడుకోండి. అందుకు దాని స్వభావం తెలియాలి. వెలుతురు కటువుగా ఉండటమూ మెత్తగా ఉండటమూ దాన్ని ఇచ్చే వస్తువు మనిషి ఉన్న చోటునుంచి ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. సూర్యుడు నిజానికి ఎంత పెద్దవాడైనా ఆకాశంలో మనకు అర డిగ్రీ వెడల్పునే కనిపిస్తాడు, అందుకే ఆయన వేసే నీడ అంచు కత్తితో కోసినట్టుంటుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా ఒకే దీపమవుతుంది, నీడలు కరిగిపోతాయి. మనం చేయవలసిందల్లా ఆ చిన్న దీపాన్ని పెద్దది చేయడం.

నటులను సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టండి. జుట్టు చుట్టూ, భుజాల మీద వెలుగు గీత పడి మనిషి వెనకటి దృశ్యం నుంచి విడివడి కనిపిస్తాడు. ముఖం నీడలో ఉంటుంది కాబట్టి కళ్లు చిట్లించనక్కర్లేదు. ఇప్పుడు కెమెరా పక్కన ఒకరు తెల్ల థర్మకోల్ షీటు పట్టుకుని ఎండను ముఖం మీదికి తిప్పాలి. షీటు నడుము దగ్గర ఉంటే వెలుతురు కిందినుంచి పడి ముఖం వికారంగా కనిపిస్తుంది. వీలైనంతవరకు ఛాతీకి పైన, ఒక పక్కగా పట్టుకోమనండి. దగ్గరి షాట్లకైతే ఒక చట్రానికి పలుచని తెల్లగుడ్డ బిగించి నటుల తలమీద పట్టుకుంటే సరిపోతుంది. సినిమా వాళ్లు స్కిమ్మర్ అనేది దీన్నే. గాలి వీస్తే ఆ చట్రం తెరచాపలా లాగుతుంది కనుక దానికి ఇద్దరు మనుషులు ఉండాలి.

తెల్లగుడ్డ అనగానే దాన్ని పేదవాడి సర్దుబాటుగా చూసేవారున్నారు. ఆ అభిప్రాయాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 1950లలో సత్యజిత్ రాయ్ దగ్గర ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన సుబ్రతా మిత్రా కాశీ ఇంటి ముంగిలి సెట్టును స్టూడియోలో వెలిగించవలసి వచ్చినప్పుడు, పైన తెల్లగుడ్డ పరిచి, స్టూడియో లైట్లను నటుల మీదికి నేరుగా కాకుండా ఆ గుడ్డ మీదికి తిప్పారు. గుడ్డ నుంచి తిరిగి వచ్చిన వెలుతురు ఆకాశం నుంచి నడి ముంగిట్లోకి దిగే పగటి వెలుతురులా పడింది. కాశీ ఇళ్ల ముంగిట్లో వెలుతురు ఎలా పడుతుందో ఆయన ముందుగా గమనించి ఉండటం వల్లనే ఆ ఆలోచన వచ్చింది. పరికరం అందరికీ దొరికేదే. గమనించే ఓపిక మాత్రం మనం అలవరచుకోవాలి.

ఇంకొక్క మాట. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. నా మొదటి చిత్రంలో కిటికీ పక్కన ఉదయం 9 గంటలకు మొదలుపెట్టిన సంభాషణ మధ్యాహ్నం దాటాక గానీ ముగియలేదు. ఎడిటింగ్‌లో చూస్తే ప్రశ్న అడిగిన మనిషి చెంప మీద ఎండ పట్టీ ఉంది, జవాబు విని తల ఎత్తిన అదే మనిషి ముఖం మీద ఎండ లేదు. ఆ సన్నివేశంలో సగం వదులుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఎండ కనిపించే వెడల్పాటి షాట్లన్నీ ముందు వరుసగా తీసేసి, గుడ్డతో వెలుతురును అదుపు చేయగల దగ్గరి షాట్లను తర్వాతికి ఉంచుతున్నాను. మీ షాట్ల జాబితాను కథ వరుసలో కాక సూర్యుడి వరుసలో రాసుకోండి.

ఎండలో ఫోన్ తనంతట తాను షటర్‌ను వెయ్యో వంతుకు కూడా తీసుకుపోతుంది, అప్పుడు నడక ముక్కలు ముక్కలుగా తెగినట్టుంటుంది. లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ అనే ముదురు గాజు పెడితే వెలుతురు తగ్గి షటర్‌ను తిరిగి 50వ వంతుకు తేవచ్చు.

ప్రశ్న: ట్రైపాడ్ లేదు. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా షాట్ వణుకుతోంది. చేతులు అదుపులో ఉంచుకునే పద్ధతులు ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి గానీ, వాటికంటే ముందు మీరు జూమ్ చేస్తున్నారా అన్నది చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సర్) లెక్కలో 24 ఎంఎం లెన్స్ అడ్డంగా సుమారు 74 డిగ్రీలు చూస్తుంది, 85 ఎంఎం లెన్స్ సుమారు 24 డిగ్రీలే చూస్తుంది. మీ చెయ్యి ఒక్క డిగ్రీ వణికితే మొదటిదాంట్లో బొమ్మ ఫ్రేమ్ వెడల్పులో 74వ వంతు జరుగుతుంది, రెండోదాంట్లో 24వ వంతు జరుగుతుంది. వణుకు అదే అయినా తెర మీద మూడు రెట్లు కనిపిస్తుంది. కాబట్టి చేత్తో తీసేటప్పుడు వైడ్ లెన్స్ పెట్టుకుని మనిషి దగ్గరికి నడవండి. ముక్కు పెద్దదిగా సాగినట్టు కనిపించేంత దగ్గరికి మాత్రం వెళ్లవద్దు.

తర్వాత శరీరం. చాచిన చేతుల చివర కెమెరా ఉంటే భుజాల నుంచి వేళ్ల దాకా ఉన్న ప్రతి కీలూ దాన్ని కదిలిస్తుంది. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడండి. వీపును గోడకో చెట్టుకో ఆనిస్తే ఇంకా మేలు. మెడలో వేసుకునే పట్టీ ఉన్న కెమెరా అయితే పట్టీ బిగుతుగా లాగబడేదాకా కెమెరాను ముందుకు నెట్టండి, ఆ బిగువే దాన్ని కదలనివ్వదు. చిన్న షాట్ అయితే ఊపిరి సగం వదిలి ఆపి తీయవచ్చు. నిమిషం షాట్‌కు అలా చేస్తే చివర్లో వణుకు రెట్టింపవుతుంది.

పాతకాలపు తాడు చిట్కా ఒకటి నాకెంతో ఇష్టం. కెమెరా అడుగున, ఫోన్ హోల్డర్ అడుగున ట్రైపాడ్ కోసం ఉండే రంధ్రం దాదాపు అన్నిటికీ పావు అంగుళం కొలతదే. ఆ కొలత మరమేకు ఒకటి బిగించి, దానికి మీ ఎత్తుకు సరిపడా తాడు కట్టండి. తాడు రెండో చివరను పాదం కింద తొక్కిపెట్టి కెమెరాను పైకి లాగి పట్టుకోండి. తాడు తీగలా బిగుసుకోగానే పైకీ కిందికీ ఊగడం ఆగిపోతుంది. పక్కలకు కొంచెం ఊగుతుంది, మోచేతులు ఆనిస్తే అదీ తగ్గుతుంది. తక్కువ ఎత్తు షాట్లకు ఇసుకో గింజలో నింపిన గుడ్డసంచి మీద కెమెరాను నొక్కి కూర్చోబెడితే ట్రైపాడ్‌కు ఏమాత్రం తీసిపోదు.

చేత్తో ప్యాన్ చేయవలసి వస్తే, అంటే కెమెరాను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పవలసి వస్తే, పాదాలను షాట్ ముగిసే దిక్కుకు పెట్టి, నడుమును మెలితిప్పి షాట్ మొదలయ్యే దిక్కుకు తిరగండి. అక్కడినుంచి మెలి విప్పుకుంటూ వస్తే ముగింపుకు శరీరం సుఖంగా, నిలకడగా ఉంటుంది. చాలామంది దీనికి తలకిందులుగా చేసి చివర్లో మెలికపడి వణుకుతారు. ప్రతి షాట్‌కూ ముందు ఐదు సెకన్లు, తర్వాత ఐదు సెకన్లు కదలకుండా ఉండండి. ఎడిటింగ్‌లో ఆ సెకన్లు ఎంత విలువైనవో అప్పుడు తెలుస్తుంది.

ట్రైపాడ్ దొరికిన రోజున ముందు లావు కాళ్లు చాపి, మధ్య కాడను చివరి అవసరానికే పైకెత్తండి. ఒక కాలు లెన్స్ చూసే దిక్కుకు ఉండాలి. గాలి ఉంటే మధ్యలో బరువైన సంచి వేలాడదీయండి. ట్రైపాడ్ మీద కెమెరాలో వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్‌ను ఆపేయడం మరిచిపోవద్దు. ప్యాన్ మొదలుపెట్టగానే అది మీ కదలికను వణుకనుకుని కాసేపు ఆపి, తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది.

ప్రశ్న: కెమెరాను మోటార్లతో నిలకడగా ఉంచే గింబల్ కొన్నాం. అయినా నటుడి వెనకే నడుస్తూ తీసిన షాట్‌లో ఫ్రేమ్ పైకీ కిందికీ ఎగురుతోంది. మేం కొన్నదాంట్లో లోపమా?

జవాబు: లోపం కాదు. మూడు మోటార్ల గింబల్ కెమెరా తిరగడాన్ని మాత్రమే సరిచేస్తుంది. పక్కలకు తిరగడం, పైకీ కిందికీ వాలడం, ఒరగడం, ఈ మూడే దాని పని. మీరు అడుగు వేసినప్పుడు కెమెరా మొత్తంగా పైకి లేచి కిందికి దిగే కదలికను అది పట్టుకోలేదు. దూరపు కొండను తీస్తుంటే ఆ ఎగుడుదిగుడు కనిపించదు, ముందు ఒక కుర్చీయో గుమ్మమో ఉంటే వెంటనే కనిపిస్తుంది.

అమెరికన్ కెమెరామన్ గ్యారెట్ బ్రౌన్ 1970లలో రూపొందించిన, ఒంటికి కట్టుకునే కెమెరా పరికరం స్టెడికామ్‌లో ఈ పనికోసమే స్ప్రింగుల చెయ్యి ఒకటుంది, నడిచేవాడి ఎగుడుదిగుడును అదే మింగేస్తుంది. మీ గింబల్‌కు ఆ చెయ్యి లేదు కాబట్టి మీ మోకాళ్లే స్ప్రింగులు కావాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, ముందు మడమ ఆనించి, అక్కడినుంచి మునివేళ్ల దాకా పాదాన్ని దొర్లిస్తూ, చిన్న చిన్న అడుగులు వేయండి. నీళ్లు నిండిన గ్లాసు చేత పట్టుకుని తొణకకుండా గది దాటడం సాధన చేయండి, మూడు నాలుగు రోజుల్లో తేడా కనిపిస్తుంది. గింబల్ మీద ఫోన్‌ను బిగించేటప్పుడు మోటార్లు ఆపి ఉండగానే అది ఏ పక్కకూ ఒరగకుండా నిలిచేలా సరిచూడండి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజ్ చేస్తే పోదా?

జవాబు: కొంత పోతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌ను వణుకుకు ఎదురుగా జరుపుతుంది, జరిపినప్పుడు ఖాళీ అయిన అంచులను కోసేస్తుంది. మీరు తలపైన కొలిచి ఉంచిన జాగా అందులో పోవచ్చు. అంతకన్నా పెద్ద ఇబ్బంది చీకటి షాట్లలో వస్తుంది. షటర్ తెరిచి ఉన్నప్పుడే పడిన చార బొమ్మలో భాగమైపోయింది, దాన్ని సాఫ్ట్‌వేర్ తీయలేదు. ఫ్రేమ్ నిశ్చలంగా నిలబడి, అందులో ముఖం మాత్రం ఉన్నట్టుండి మసకబారి మళ్లీ తేటపడుతూ ఉంటుంది. చూసేవాళ్లకు అసలు వణుకుకన్నా అదే ఎక్కువ ఇబ్బందిగా తోస్తుంది. తర్వాత స్టెబిలైజ్ చేయక తప్పదని ముందే తెలిస్తే చుట్టూ కాస్త ఎక్కువ జాగా వదిలి, మంచి వెలుతురులో తీయండి.

ప్రశ్న: కొన్ని మంచి సినిమాల్లో కెమెరా కావాలనే వణుకుతూ ఉంటుంది. మా దర్శకుడు కూడా చిత్రమంతా హ్యాండ్‌హెల్డ్‌లోనే (కెమెరా చేత్తో పట్టుకునే) కావాలంటున్నాడు. ఆయన చెప్పేది సరైనదేనా?

జవాబు: అది సన్నివేశాన్నిబట్టి ఉంటుంది. ఆ సినిమాల్లో కెమెరా ఊగేటప్పుడు జాగ్రత్తగా గమనించండి. బరువైన కెమెరా భుజం మీద ఉండి, మనిషి ఊపిరితో పాటు నెమ్మదిగా ఊగుతుంది. తేలికైన ఫోన్ వేళ్ల మధ్య సన్నగా, వేగంగా వణుకుతుంది. మొదటిది పక్కన ఎవరో నిలబడి చూస్తున్నట్టుంటుంది, రెండోది చూసేవారి కంటిని అలసిపోయేలా చేస్తుంది. మీ దర్శకుడు హ్యాండ్‌హెల్డే కావాలంటే ఫోన్‌ను ఒక చట్రంలో బిగించి, దానికి రెండు పక్కలా పిడులు, కొంత బరువు తగిలించండి. బరువు ఎంత ఉంటే ఆ సన్నని వణుకు అంత తగ్గుతుంది.

ఆయనను ఒక చిన్న ప్రయోగానికి ఒప్పించండి. మీ చిత్రంలోని ఒకే సన్నివేశాన్ని, అవే మాటలతో, అదే వెలుతురులో, ఒకసారి కదలని కెమెరాతోనూ ఇంకోసారి చేత్తోనూ తీయండి. రెండింటినీ ఫోన్ తెర మీద కాకుండా వీలైనంత పెద్ద తెర మీద పక్కపక్కన వేసి చూడండి. చిన్న తెర మీద తెలియని వణుకు పెద్ద తెర మీద తలనొప్పి తెప్పిస్తుంది. చూశాక కూడా ఆయన చేత్తో తీసినదాన్నే ఎంచుకుంటే నిశ్చింతగా అలాగే తీయండి. ఆ సన్నివేశంలో దీపాన్ని మాత్రం ఇంకొంచెం దగ్గరకు జరపండి.